మూడో పీట తుపాకీ

పెళ్ళయిన ఎనిమిదో రోజు రియాజ్ సాజిదాని ఉదయం ఆటకి సినిమాకి తీసుకెళ్ళాడు. కొత్త పెళ్ళాంతో చూసే మొదటి సినిమా కాబట్టి పాటలుంటాయని, పూలతోటలుంటాయని, హీరో వానలో తడుస్తూ ఏదో ఒకటి అంటాడని ఆమె అనుకుంది. పెళ్ళికి పెట్టిన గాజుల్లో ఆకుపచ్చవి ఏరి వేసుకుంది. తీరా హాల్లో కూర్చున్నాక చూస్తే అది ఇంగ్లీషు నుంచి తెలుగులోకి దించిన తుపాకుల సినిమా. మొదలైన పావుగంటలో పాతికమంది చచ్చారు. హాలు మొత్తం మీద ఆడవాళ్ళు ఇద్దరే. రెండో ఆవిడ టిక్కెట్లు చింపే ఆయన భార్య, ఆవిడేమో నిద్రపోతోంది.

సాజిదా తెర వైపు చూడటం మానేసి మొగుణ్ణి చూసింది. చూస్తే తమాషాగా ఉంది. రియాజ్ కుర్చీ అంచు మీదికి జరిగి కూర్చున్నాడు. కుడి మోకాలు కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడుతోంది. చూపుడువేలు కుర్చీ చేతి మీద దానంతటది మెలికలు తిరుగుతోంది. ఈయనేనా ఆయన అనిపించింది ఆమెకి. ఇంట్లో పెట్టింది తింటాడు. పాలావిడ గ్లాసు తక్కువ పోస్తే "పర్లేదండీ" అంటాడు. ఇరవయ్యేడేళ్ళ మనిషి, క్షవరానికి వెళ్ళాలన్నా తండ్రి మౌలాలిని అడిగి వెళ్తాడు. ఈ ఎనిమిది రోజుల్లో ఆమె తనకి దొరికింది గట్టిగా తోడుకున్న గడ్డపెరుగని ఖాయం చేసుకుంది. చల్లగా, కదలకుండా, కడుపుకి మంచిది. ఆ చీకట్లో చూస్తే పెరుగు కుతకుతమంటోంది. ఆమెకి లోపల్లోపల నవ్వొచ్చింది, మరీ చెప్పాలంటే కొంచెం నచ్చింది కూడా.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో అడిగింది, అందులో అంత ఏముందండీ అని. రియాజ్ హాలు దగ్గర్నుంచి ఫైర్ స్టేషన్ సెంటరు దాకా ఆలోచించాడు. చివరికి తెలీదన్నాడు. బావుంటుంది, అంతే అన్నాడు. బీకాం ఫస్టు క్లాసులో పాసైన తనకి ఆ జవాబు ఏం సరిపోతుంది? దారిపొడుగునా గాజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

అసలు ఆమెకి అత్తవారింట్లో ఒకచోట నిలకడగా ఉండటమే కష్టంగా ఉంది. పుట్టిల్లు తంగెళ్ళమూడిలో. అక్కడ నట్టింట్లో తివాచీ మగ్గం. మగ్గం ముందు పొడుగ్గా నాలుగు పీటలు, పీటకో మనిషి. నమూనా కాగితం పట్టుకుని ఒకరు, ఏ పీట ఏ రంగు ముడి వెయ్యాలో వరసగా పిలుస్తుంటే నలుగురూ ముళ్ళు వేస్తారు. తండ్రికి చూపు మందగించినప్పట్నుంచి, అంటే తన పదో తరగతి నుంచి, పిలిచేది సాజిదాయే. కాలేజీ నుంచి రావడం, జడ పైకి చుట్టుకోవడం, కాగితం అందుకోవడం. పిలుపు లేనప్పుడు తనూ ఓ పీట మీద కూర్చుని ముళ్ళు వేసేది. ఇక్కడ వన్‌టౌన్‌లో మామగారిది పరుపుల కొట్టు. ఇంట్లో వంట అత్తగారు షబానా చేతిలో ఉంది, ఆవిడ గరిటె ఇంకొకరికి ఇచ్చే రకం కాదు. చేతులకి పనిలేక సాజిదా దుప్పటి అంచు కుచ్చులు విప్పి మళ్ళీ ముడేసింది. రెండో వారానికి హాల్లో కర్టెన్ల అంచులన్నీ ముళ్ళయిపోయాయి. అత్తగారు చూసింది. మర్నాడు ఒక పాత చీర తెచ్చి కోడలి ఒళ్ళో పడేసి, ముళ్ళు దీనికి వెయ్యమ్మా అని వెళ్ళిపోయింది.

రియాజ్‌కి వట్లూరులో కాలేజీల రోడ్డు మీద ఇంటర్నెట్ సెంటరు ఉంది. ఎనిమిది కంప్యూటర్లు, రెండు ఫ్యాన్లు. బోర్డు మీద మొన్నమొన్నటిదాకా 'ఆర్ ఇంటర్నెట్' అని ఉండేదట. నిశ్చితార్థం అయిన వారానికి పక్కన ఎస్ చేర్పించాడు. ఆ ఎస్ రంగు మిగతా అక్షరాల కంటే కొత్తగా మెరుస్తూ ఉంటుందని తెలిసి సాజిదా ఒక పూటంతా నవ్వుకుంటూ తిరిగింది. పొద్దున పూట అక్కడ పరీక్షా ఫలితాలు, అప్లికేషన్లు. మధ్యాహ్నం దాటితే ఇంజనీరింగ్ కుర్రాళ్ళు చేరి, కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి కలిపి, తుపాకుల ఆట. సాయంత్రం ఇంటికొచ్చేసరికి రియాజ్ కళ్ళు ఎర్రగా ఉంటాయి, భుజాలు పైకి లేచిపోయి ఉంటాయి. ఏం చేశారండీ అంటే, ఏముంది, కూర్చున్నాను అంటాడు.

ఒకరోజు క్యారేజీ తీసుకెళ్ళే మనిషి రాలేదు. నేను వెళ్తానత్తయ్యా అని సాజిదా వట్లూరు ఆటో ఎక్కేసింది.

లోపల అడుగుపెట్టేసరికి అక్కడ యుద్ధం నడుస్తోంది. తెరల మీద ఏదో ఓడరేవు, గోడౌన్లు, మధ్యలో నీళ్ళు, నీళ్ళ మీద వంతెన. నలుగురు వరసగా కూర్చుని కాలుస్తున్నారు. వాళ్ళు అరిచే అరుపులు వింటే ఆమెకి మతిపోయింది. ఒకడు టూటౌన్‌లో ఇద్దరున్నారంటాడు, ఇంకొకడు పవర్‌పేట గేటు దగ్గర నన్ను లేపేశారంటాడు. వంతెనకి అటు గోడౌన్లు వన్‌టౌన్, ఇటువి టూటౌన్, ఇనుప గేటున్న సందు పవర్‌పేట, ఎర్ర నీళ్ళ ట్యాంకు ఫైర్ స్టేషన్. ఎక్కడో ఎవరో దొరలు కట్టిన ఓడరేవుని ఏలూరు చేసిపారేశారు. అది ఆమెకి తెగ నచ్చింది.

అంతలో ఒక గొంతు వినిపించింది. "రండ్రా, ఎంతమందొస్తారో రండి, వంతెన మీదే ఉన్నాను." రెండో మాట వినేదాకా అది తన మొగుడి గొంతని ఆమె పోల్చుకోలేదు. అలాంటి గొంతు ఆయన దగ్గరుందని ఆమెకి తెలీదు. లోతుగా, తెరుచుకుని, ఎవరి అనుమతీ అక్కర్లేనట్టుంది. క్యారేజీ పట్టుకుని పది నిమిషాలు నిలబడింది. పిడి వేడికి అరచెయ్యి మండుతున్నా దింపలేదు. ఆయన తల తిప్పలేదు. పరాయి ఇంట్లో మొగుడు పకపకా నవ్వుతుంటే కిటికీలోంచి చూసినట్టనిపించింది. ఆ గొంతు ఇంటికెందుకు తేడు? పోనీ, ఆ గొంతున్న చోటికి తనే వెళ్ళాలి. ఎలాగైనా వెళ్ళాలి. అప్పటికప్పుడు ఆమె పట్టిన పట్టు అది.

రియాజ్ చచ్చాక గాని ఆమెని చూడలేదు. చూసి గతుక్కుమని లేచాడు. "అయ్యో, ఎంతసేపయింది వచ్చి? కూర్చో" అన్నప్పుడు మళ్ళీ పాత గొంతే.

ఆయన తింటుండగా కుర్రాళ్ళు ఆమెకి సంగతంతా చెప్పారు. హెన్రీ అనేవాడు హాస్టలు కుర్రాడు, నోరు పెద్దది. గంగరాజుది పెదపాడు, చేపల చెరువుల ఇల్లు. మూడోవాడు మనోజ్, మాట్లాడడు. తాడేపల్లిగూడెంలో ఇలాంటిదే ఒక సెంటరుంది, దాని ఓనరు పాండురంగారావు గారు. వాళ్ళ నలుగురితో వీళ్ళ నలుగురు మూడు ఆదివారాలు ఆడి మూడూ ఓడారు. ఓడిన ఆదివారాలు రియాజన్న అన్నం తినడట. రియాజ్ ముద్ద నోట్లో పెట్టుకుని, ఎవడు చెప్పాడురా అని గొణిగాడు.

సాజిదా చూసినదాన్ని బట్టి వాళ్ళెందుకు ఓడుతున్నారో ఆమెకి అరటిపండు ఒలిచినట్టు తెలిసిపోయింది. నలుగురూ ఒకేసారి అరుస్తారు. ఎవడూ వినడు. మగ్గం ముందు నలుగురూ ఎవరికిష్టమైన పువ్వు వాళ్ళు నేస్తే తివాచీ అవుతుందా, బొంత అవుతుంది. ఆ మాటే చెప్పింది. పిలిచేవాళ్ళు ఒకరుండాలంది. రియాజ్ నవ్వేసి, ఇది నేత కాదులే సాజీ అన్నాడు. హెన్రీ మాత్రం కుర్చీ లాగి, నాలుగు తెరలూ కనిపించేలా నలుగురి వెనక వేశాడు.

"వదినా, ఒక్కసారి పిలిచి చూడండి. పోయేదేముంది, ఎలాగూ చస్తూనే ఉన్నాం."

మగ్గం మీద మనుషుల్ని పేరుతో పిలవరు, పీటతో పిలుస్తారు. హెన్రీ ఒకటో పీట, మనోజ్ రెండో పీట, గంగరాజు నాలుగో పీట. మొగుణ్ణి పేరు పెట్టి పిలవాల్సిన బాధ తప్పింది కదా అని మూడో పీట ఆయనకిచ్చింది. మగ్గం పద్ధతి ఇంకొకటి ఉంది. పిలుపు అందుకున్నవాళ్ళు ముడి వేశాక "అయ్యింది" అనాలి. నలుగురూ అనేదాకా పిలిచేవాళ్ళు తర్వాతి వరసకి వెళ్ళరు. ఒక్కరు వెనకబడ్డా పువ్వు వంకరపోతుంది.

మొదటి ఆటలో రెండు పిలుపులు అద్దంలా నడిచాయి. మూడో పిలుపుకి హెన్రీ పవర్‌పేట గేటులో చచ్చిపోయాడు. చచ్చి, ఉసూరుమంటూ కుర్చీలో వెనక్కి వాలి ఊరుకున్నాడు. సాజిదా ఒకటో పీట "అయ్యింది" అనడం కోసం చూస్తోంది. మిగిలిన ముగ్గురూ ఆమె పిలుపు కోసం చూస్తున్నారు. వంతెన మొగదల ముగ్గురు సాయుధులు ఏలూరు రోడ్డు మధ్య గేదెల్లా కదలకుండా నిలబడ్డారు. అవతలి జట్టులో ఆడుతున్న సీనియర్లు నింపాదిగా వచ్చి ఒక్కొక్కళ్ళనీ కాల్చి వెళ్ళారు.

"ఏంటి వదినా, ఆగిపోయారు?" అన్నాడు హెన్రీ.

"నువ్వు అయ్యిందనలేదుగా తమ్ముడూ."

"నేను చచ్చిపోయాను వదినా."

"చచ్చినా చెప్పాలి. లేకపోతే నాకెలా తెలుస్తుంది?"

తర్వాతి ఆటలో గంగరాజు ఫైర్ స్టేషన్ వెనక దెబ్బ తిన్నాడు. పెదపాడు మర్యాద ఎక్కడికి పోతుంది, మెత్తగా "చచ్చానండీ" అన్నాడు. సెంటరంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి అదే పద్ధతయింది. బతికినవాడు అయ్యిందంటాడు, పోయినవాడు చచ్చానండీ అంటాడు, సాజిదా ఆ పీట వదిలేసి తర్వాతి పీటకి వెళ్తుంది.

ఇక ఆమెకి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. రోజూ క్యారేజీ తనే తెస్తానంది. కొడుకు వేడన్నం తినాలని కోడలు ఎండనపడి వెళ్తోందని షబానా ఇరుగుపొరుగుకి చెప్పి మురిసింది. సాజిదాకి కొంచెం సిగ్గేసింది గాని ఖండించలేదు. ఆటోలో కూర్చుని కూడా లోపల పిలుపులే. తుపాకీలో గుళ్ళపెట్టె మార్చినప్పుడు వచ్చే 'ఠక్' అనే చప్పుడు ఆమెకి ప్రాణం. గోడౌన్ అద్దాలు పగిలి రాలడం, వంతెన కింద నీళ్ళు తళతళమనడం, గోడ మూల తిరగబోయే ముందు ఊపిరి బిగబట్టే ఆ అరక్షణం. ఆ అరక్షణంలో పప్పు మాడిందేమో, అత్తగారు ఏమనుకున్నారో, రేపేం చెయ్యాలో, ఏదీ ఉండదు. ఒక్క మూల ఉంటుంది, దాని అవతల ఎవరో ఉంటారు. తెలీదు, బావుంటుంది అంతే అని ఆయన అన్నది ఇదేనేమో అనుకుంది. తీరా ఎవరైనా అడిగితే తనకి మాత్రం అంతకంటే మాటలు దొరుకుతాయా?

గంగరాజు ఒక కిటుకు చెప్పాడు. వాళ్ళ చెరువుల మీదికి కొల్లేరు నుంచి పెద్దముక్కు కొంగలు దిగుతాయి. టపాకాయలు కాల్చి తోలాలి. ఒకే గట్టు మీద నుంచి మూడుసార్లు కాలిస్తే నాలుగోసారికి అవి తల కూడా ఎత్తవట. గట్టు మార్చి కాల్చాలి. సాజిదా దాన్ని పట్టుకుంది. మూడు ఆటలు పవర్‌పేట వైపు నుంచి పంపి, నాలుగో ఆట ఎవరూ ఊహించని ట్యాంకు వెనక నుంచి పంపేది. గూడెం వాళ్ళు తర్వాతి ఆదివారం వట్లూరు వచ్చి ఓడిపోయారు. ఆ పై ఆదివారం మళ్ళీ వచ్చి మళ్ళీ ఓడిపోయారు. పాండురంగారావు గారు పెద్దమనిషి, అమ్మాయి గారు బాగా పిలుస్తున్నారండీ అని మెచ్చుకుని, వచ్చే ఆదివారం మా ఊరు రావాలి, పదకొండు ఆటలు, ఎవరు ముందు ఆరు గెలిస్తే వాళ్ళే అని చెప్పి వెళ్ళారు.

గెలిచిన ఆ ఆదివారం రియాజ్ అన్నం శుభ్రంగా తిన్నాడు. బావుంది కదూ అన్నాడు. బావుందండీ అంది సాజిదా. అన్నది గాని, ఏదో గుచ్చుకుంది. ఎక్కడో తెలీలేదు.

బుధవారం తెలిసింది. ఆమె కుర్చీలో కూర్చుని పిలుస్తూ ఎందుకో కిందికి చూసింది. రియాజ్ మోకాలు కదలటం లేదు. బల్ల కింద రెండు కాళ్ళూ బడిపిల్లాడి కాళ్ళలా పక్కపక్కన బుద్ధిగా ఉన్నాయి. మూడో పీట, గేటు దాకా వచ్చి ఆగండి అంది. అయ్యింది అన్నాడు. మూడో పీట, ఎడమ చూడండి అంది. అయ్యింది అన్నాడు. నలుగురిలోనూ అందరికంటే చక్కగా పిలుపు వినేది ఆయనే. వంతెన మీద నిలబడి "రండ్రా" అన్న మనిషి అలా అని ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తురాలేదు.

గురువారం పొద్దున ఇంటి ముందరి కొట్లో మౌలాలి కొడుకు చేత పరుపులు సర్దిస్తున్నాడు. ఆయన కేకలు పక్కింటికి వినిపిస్తాయి. అది ఎత్తు. అటు కాదు, ఇటు. దాని మీద ఇది పెట్టు. ఆ చివర పట్టు. తండ్రి ప్రతి మాటకీ రియాజ్ "అయ్యింది అబ్బా" అంటున్నాడు. టీ గ్లాసు అందించడానికి వచ్చిన సాజిదా గుమ్మంలో ఆగిపోయింది. అదే మాట, అదే గొంతు. సెంటర్లో తనకి చెప్పేదీ అదే. ఆ ఇంట్లో లేని గొంతు కోసం తను వెతుక్కుంటూ వట్లూరు వెళ్ళింది. వెళ్ళి, అక్కడ కూడా లేకుండా చేసింది.

ఆ పూట ఆమె చేసిన పని ఒక్కటీ తిన్నగా సాగలేదు. ఉల్లిపాయలు తరగమంటే బంగాళాదుంపలు తరిగింది. మానేద్దామా అనుకుంది. మానేస్తే కుర్రాళ్ళు గూడెంలో తలెత్తుకోలేరు. అదొక్కటే కారణమైతే పోనీ అనుకోవచ్చు. అసలు సంగతి వేరే. ఆమెకి మానాలని లేదు. ఆ కుర్చీ తనకి దొరికిన ఒకే ఒక్క చోటు, దాన్ని వదులుకోవాలంటే వేళ్ళు పీకుతున్నాయి. సెంటరుకి వెళ్ళి, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు, నేను పిలవడం మానేయనా అండీ అని అడిగింది. రియాజ్ కళ్ళు తెర మీంచి తీయకుండా, ఎందుకూ, గెలుస్తున్నాంగా అన్నాడు. పర్లేదండీ అనలేదు గాని, అన్నట్టే ఉంది.

ఆదివారం పొద్దున పాసింజరులో అయిదుగురూ గూడెం బయల్దేరారు. దెందులూరు, భీమడోలు, ఉంగుటూరు, రెండు పక్కలా పొలాల్లో నీళ్ళు. కుర్రాళ్ళు పాటలు పాడారు. సాజిదా కిటికీ చువ్వల మీద వేళ్ళతో ముళ్ళు వేస్తూనే ఉంది.

పాండురంగారావు గారి సెంటరు ఉల్లిపాయల మార్కెట్టుకి రెండు సందుల అవతల. అక్కడి కుర్రాళ్ళకి ఆ ఓడరేవంతా గూడెమే. వాళ్ళ వంతెన పేరు రైలు వంతెన, వాళ్ళ గోడౌన్లు ఉల్లి గోడౌన్లు. పాండురంగారావు గారు సాజిదాకి ప్రత్యేకంగా కుషను కుర్చీ వేయించారు. ఆట మొదలైంది. ఈసారి గూడెం వాళ్ళు కూడా పిలిచే మనిషిని పెట్టుకున్నారు. ఒకటి వీళ్ళు గెలిస్తే ఒకటి వాళ్ళు. మూడు, మూడు. నాలుగు, నాలుగు. చూడ్డానికి జనం తలుపు దాకా నిండారు. పదో ఆట అయ్యేసరికి అయిదు, అయిదు.

ఆఖరి ఆట. సాజిదా పిలిచింది. "ఒకటో పీట, పవర్‌పేట. రెండో పీట, వెనక. నాలుగో పీట, ట్యాంకు."

అయ్యింది, అయ్యింది, అయ్యింది. ఆమె ఆగింది. నోటిదాకా వచ్చిన పిలుపు అది, మూడే మాటలు. మూడో పీట, గేటు. ఆయన గేటు దగ్గర కాపలా ఉంటే హెన్రీకి దారి దొరుకుతుంది, ఆట చేతిలో ఉంటుంది. ఆమె బల్ల కిందికి చూసింది. రెండు కాళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి.

రియాజ్ తల కొంచెం తిప్పాడు. "మూడో పీటకి?"

"మూడో పీటకి పిలుపు లేదండీ" అంది సాజిదా. "మీ ఇష్టం."

ఆయన ఆమె వైపు చూశాడు. ఒక్క క్షణమే, ఆటలో అది చాలా ఎక్కువ. హెన్రీ, వదినా ఏంటిది అంటున్నాడు. అప్పుడు బల్ల కింద కుడి మోకాలు కదిలింది. ముందు మెల్లగా, తర్వాత కుట్టుమిషనులా. మూడో పీట మనిషి గేటు వదిలేసి, గోడ వదిలేసి, చాటన్నది లేని నట్టనడి వంతెన మీదికి పరుగు తీశాడు.

"రండ్రా" అని అరిచాడు రియాజ్. "ఎంతమందొస్తారో రండి."

తలుపు దగ్గర జనం ఓ అన్నారు. పరుగెత్తుతూ ఒకణ్ణి పడేశాడు. తుపాకీ ఠక్కుమంది, ఇంకొకణ్ణి పడేశాడు. వంతెన చెక్కలు లేచిపోతున్నాయి, నీళ్ళలో గుళ్ళు పడి చిమ్ముతున్నాయి. వంతెనలో మూడొంతులు దాటాడు. సాజిదా కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. మిగతా మూడు పీటల్నీ పిలవాలన్న సంగతే మర్చిపోయింది. అవతలి గోడౌన్ మిద్దె మీద నుంచి ఒకే ఒక్క గుండు వచ్చింది. రియాజ్ తెర ఎర్రబడింది. గేటు ఖాళీ అని తెలిసిన గూడెం మనిషి ఆ సందులోంచి వచ్చి హెన్రీని, మనోజ్‌ని వెనక నుంచి కాల్చాడు. గంగరాజు ట్యాంకు చాటున చాలాసేపు నిలబడ్డాడు. చివరికి వాడూ పోయాడు.

గూడెం వాళ్ళు సోడాలు ఇప్పించారు. పాండురంగారావు గారు రియాజ్ భుజం తట్టి, ఓడినా చూడముచ్చటగా ఓడారండీ అన్నారు. హెన్రీ సోడా ముట్టుకోలేదు. అన్నని ఎందుకు వదిలేశారు వదినా అని స్టేషను దాకా అడుగుతూనే ఉన్నాడు. క్షమించు తమ్ముడూ అంది సాజిదా.

తిరుగు పాసింజరులో కుర్రాళ్ళు అలిగి అవతలి వరసలో కూర్చున్నారు. రియాజ్, సాజిదా కిటికీ దగ్గర ఎదురెదురుగా. బండి ఉంగుటూరు దాటింది. ఆయన తిడతాడేమో అని ఆమె ఎదురుచూసింది. తిడితే బావుండునని కూడా అనుకుంది.

"కావాలనే వదిలేశావు కదా."

"అవునండీ."

"ఓడిపోయాం."

"అవునండీ."

రియాజ్ కిటికీలోంచి చూశాడు. తర్వాత ముందుకి వంగి, వంతెన మీదికి వెళ్ళాక ఏమైందో తెలుసా అని మొదలెట్టాడు. వెనక ఎవరూ లేరన్నాడు. ఎవరూ ఏమీ చెప్పటం లేదన్నాడు. చస్తానని తెలుసు, అయినా ఆ పరుగు, ఆ పరుగులో, అని చెయ్యి గాల్లో పెట్టి ఆగిపోయాడు. మాట దొరకలేదు. దొరక్కపోయినా ఆయన మొహం వెలిగిపోతోంది. ఇన్నాళ్ళలో, అందులో అంత ఏముందన్న ఆమె ప్రశ్నకి ఆయన ఇంత పొడుగు జవాబు చెప్పడం ఇదే మొదలు.

"చెప్పొద్దులెండి" అంది సాజిదా. "చెబితే వచ్చేది కాదనుకుంటాను. నేను ఒక్కసారి కూడా పరుగెత్తలేదండీ."

"అదేంటి?"

"మీ వెనక కూర్చుని పిలవడమే గాని, నేనెప్పుడూ తుపాకీ ముట్టుకోలేదు. ఒక్క రోజు కూడా. మీరు చూడలేదు."

నిజమే, రియాజ్ చూడలేదు. ఆమె వచ్చింది, కూర్చుంది, పిలిచింది, అంతే తెలుసు.

"నువ్వా?" అన్నాడు.

"ఏం, నాకు కాళ్ళు లేవా?"

"మొదటి నిమిషంలో చస్తావు."

"ఎవరి చేతిలో?"

"నా చేతిలోనే" అన్నాడు రియాజ్. "వంతెన మీదికి రా, చూపిస్తాను."

ఆ గొంతే, లోతుగా, తెరుచుకుని, మూరెడు దూరంలో, తన మొహం మీద. సాజిదాకి చెవులు వేడెక్కాయి. కిటికీ వైపు తిరిగి, పవర్‌పేట స్టేషను పోయేదాకా ఇటు చూడలేదు.

ఏలూరు వచ్చింది. బండి రెండు నిమిషాలు ఆగుతుంది. కుర్రాళ్ళు దిగారు. గంగరాజు వెనక్కి తిరిగి, వస్తామండీ వదినా అన్నాడు. హెన్రీ కూడా చెయ్యి ఊపాడు, కోపం సగం పోయినట్టుంది. రియాజ్ తలుపు దాకా వెళ్ళి చూస్తే వెనక ఆమె లేదు. సాజిదా సీట్లోంచి లేవలేదు. కొంగు సర్దుకుని తీరిగ్గా కూర్చునే ఉంది.

"దిగు, బండి కదుల్తుంది. అమ్మ బిర్యానీ చేసి పెట్టుకుని కూర్చుంది."

"తర్వాతి స్టేషను వట్లూరే కదండీ."

"ఇవాళ సెంటరు మూసేసి ఉంది."

"తాళం మీ జేబులోనే ఉంది."

ఆయన ప్లాట్‌ఫారం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. బిర్యానీ చల్లారిపోతుంది, అబ్బా ఎక్కడికెళ్ళార్రా అంటాడు, ఏం చెప్పాలో తెలీదు. ఒక కాలు మెట్టు మీద ఉంది. బండి కూత వేసింది. రియాజ్ ఆ కాలు లోపలికి తీసుకున్నాడు.

ఏలూరు నుంచి వట్లూరికి పది నిమిషాలు కూడా పట్టదు. ఆ కాసేపు కూడా ఇద్దరూ కూర్చోలేకపోయారు. వెళ్ళి తలుపు దగ్గర గాల్లో నిలబడ్డారు.